అసూయను ఏరు దాటించిన ప్రయాణం

హైదరాబాదులో చూడవలసినవి చాలా ఉన్నాయని వెళ్లొచ్చినవాళ్లందరూ చెబుతారు. వాటిలో ఏదీ చూడటానికి నేను వెళ్లలేదు. ఆబిడ్సులో ఒక గాజుసామాన్ల కొట్టులో, వీధివైపు అద్దం వెనక, నా మొహం పెట్టి ఉందని తెలిసి, అది నిజమో కాదో కళ్లారా చూసి రావడానికి వెళ్లాను.

ఈ కబురు మోసుకొచ్చింది మా పక్కింటి సీతారత్నం. రాష్ట్రం ఏర్పడి ఇంకా పదేళ్లు కాని రోజులవి. వాళ్లాయనకు ఏదో ఆఫీసు పని పడితే ఆవిడా వెంట వెళ్లి, ఊరంతా తిరిగి వచ్చింది. వచ్చిన రోజే గోడమీదుగా తల పెట్టి, "వదినగారూ, మీ తమ్ముడు చేసిన గాజుబొమ్మ చూశానండీ. అచ్చం మీరే. అదే ముక్కు, అదే గడ్డం" అంది. నేను పొంగిపోయాను. "కింద అట్టముక్క మీద పేరు కూడా రాసి పెట్టారండీ" అంది. ఏమని రాశారని అడిగాను. కాసేపు గోడమీద పాచి గీకి, "అసూయ అని" అంది.

మా రామం నాకు ఒక్కగానొక్క తమ్ముడు. కాలేజీల్లో ప్రయోగాలకు కావలసిన గాజు గొట్టాలూ బుడ్లూ మంటమీద ఊది చేయడం వాడి ఉద్యోగం. తీరికవేళ అదే మంటమీద బొమ్మలు కూడా చేస్తాడని విన్నాను. విన్నాను అని ఎందుకంటున్నానంటే, మా నాన్న పోయాక వాడు తెనాలిలో మా గడప తొక్కలేదు. ఆరేళ్లుగా నాన్న తద్దినం కూడా హైదరాబాదులోనే ఏదో మఠంలో పెట్టేసుకుంటున్నాడు. ఎందుకలా చేస్తున్నాడో ఒక్క ముక్క చెప్పలేదు. వాడిని పట్నం పంపి చదివించారనీ, నన్ను ఎనిమిదో తరగతితో ఆపేశారనీ, అందుకని నాకు వాడంటే కడుపుమంట అనీ బంధువుల్లో ఒక మాట ఉంది. ఆ మాట వాడు కూడా నమ్మాడా? నమ్మి, నా మొహాన్ని పదిమందీ నడిచే వీధిలో నిలబెట్టాడా? అది తేల్చుకోవాలి. ఆ మొహం నాదే అయితే ఇక నాకు తమ్ముడు లేడనుకుందామని కూడా గట్టిగా అనుకున్నాను.

మా ఆయన అడ్డు చెప్పలేదు. "వెళితే వెళ్లు గానీ, బొమ్మను మాత్రం కొట్టకు" అన్నారు.

తెనాలిలో మధ్యాహ్నం పాసింజరు ఎక్కి, బెజవాడలో దిగి, ఇంటినుంచి కట్టుకెళ్లిన పులిహోర ప్లాట్‌ఫారం మీదే తిని, హైదరాబాదు బండిలో ఆడవాళ్ల పెట్టె ఎక్కాను. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఒక మాట చెబుతాను. ఇంజనుకు వీపు పెట్టి కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే కిటికీలోంచి బొగ్గునలుసులు వచ్చి కంట్లో పడతాయి. నేను ఈ సంగతి డోర్నకల్ దగ్గర తెలుసుకున్నాను. నా కంట్లో నలుసు కొంగుతో తీసిపెట్టిన ముసలావిడ కాజీపేటలో దిగవలసిన మనిషి.

"ఎటు పోతున్నవమ్మా?" అని అడిగింది.

"హైదరాబాదండీ. ఒక బొమ్మను చూడటానికి."

"పిల్లలెందరు?"

"ఇద్దరు. పెద్దవాళ్లయ్యారు."

"మరి బొమ్మెందుకు?" అని, నా సమాధానం వినకుండానే ఒత్తిగిలి పడుకుంది. నేనూ నిద్రపోయాను.

తెల్లవారేసరికి భువనగిరి కొండ ఒంటిరాయిగా కిటికీలో కనిపించింది. నాంపల్లి చేరేటప్పటికి ఎనిమిది దాటింది. స్టేషను ఎదురుగానే సత్రాలూ లాడ్జీలూ ఉన్నాయి. ఒక సత్రంలో ఆడవాళ్లకు వేరే స్నానాల గది ఉందంటే అక్కడ సంచి పెట్టి, స్నానం చేసి, చీర మార్చుకున్నాను. మూలమీద ఇరానీ హోటల్లో ఆడవాళ్లు కూర్చునే చోటుకు తెర కట్టి ఉంటుంది. మొహమాటపడకుండా వెళ్లి కూర్చోవచ్చు. చాయ్ చిక్కగా, మీగడ తేలుతూ వచ్చింది. దాంతోపాటు తీపీ ఉప్పూ కలిసిన బిస్కెట్లు ఇచ్చారు. కోపంతో వెళ్లినదాన్ని కాబట్టి బాగున్నాయని ఒప్పుకోవడానికి రెండో కప్పు దాకా ఆగాను.

ఆబిడ్సుకు రిక్షా అక్కర్లేదు, నడక చాలు. దారి అడిగితే పళ్లబండివాడు, "సీదా పోండ్రి. జర ముందట పెద్ద చౌరస్తా, గాడ అన్నీ అద్దాల దుకాన్లే" అన్నాడు. నిజంగానే అన్నీ అద్దాల దుకాణాలే. రెండంతస్తుల బస్సులు చెట్ల కొమ్మలను రాసుకుంటూ పోతున్నాయి. తెనాలి బజారులో సరుకు గుమ్మంలోకి వచ్చి మనల్ని పిలుస్తుంది. ఇక్కడ సరుకు అద్దాల వెనక కూర్చుంటే మనమే దాని దగ్గరికి వెళ్లాలి.

సీతారత్నం చెప్పిన కొట్టు తేలిగ్గానే దొరికింది. చీనీ పింగాణీ కప్పులు, పూలకూజాలు, లాంతరు చిమ్నీలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య పీటమీద మూరెడు ఎత్తు గాజుబొమ్మ. చిన్న గాజుగోడ వెనక మడమలెత్తి నిలబడి, మెడ సాచి, అవతలి ఇంట్లోకి తొంగిచూస్తోంది. ఒళ్లంతా తెల్లని గాజు, కట్టింది చీరో పంచో తెలియదు. లోపల బోలు. ఆ బోలు కడుపులో ఎర్రగాజుతో చేసిన మంట పైకి లేస్తోంది. కడుపుమంట అంటే ఏమిటో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదని ఆ క్షణాన అనుకున్నాను. నిలబడ్డ తీరు మాత్రం నాది కాదు, గోడమీద సీతారత్నానిది.

ఇక మొహం చూద్దును కదా, మొహమే లేదు. నుదుటినుంచి ముక్కుదాకా కుంకుమ మెత్తారు. చెంపలమీద కాటుక చుక్కలు ఒకదానిమీద ఒకటి పడి అట్ట కట్టాయి. మెడలో నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ. గడ్డం కింద కర్పూరం మసి. అట్టముక్క మీద అసూయ అన్న పేరు కూడా సగం కుంకుమ కిందికి పోయింది. ఇన్ని క్రోసులు వచ్చి నేను చూసింది ఒక దిష్టిబొమ్మను.

లోపలికి వెళ్లి, ఆ బొమ్మ చేసినవాడి అక్కనని చెప్పాను. కొట్టు యజమాని బాలకిషన్ సేటు లేచి స్టూలు వేశాడు. ఐదు తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబమట. గల్లాపెట్టె పక్కన చాపమీద వాళ్ల అమ్మ కూర్చుని ఉంది. ఆవిడను వచ్చినవాళ్లందరూ అవ్వా అనే పిలుస్తున్నారు.

"మీ తమ్ముడు అమ్మి పెట్టుమని తెచ్చిండమ్మా" అన్నాడు సేటు. "కొనేటోళ్లు రాలే. గని రోడ్డు మీద పోయేటోళ్లందరు దీన్నే నిలవడి జూస్తరు. దీన్ని పెట్టినప్పటి సంది నా దుకాన్ల ఒక్క కప్పు గూడ పగల్లేదు. దిష్టంత గిదే గుంజుకుంటున్నదని అమ్మ కుంకుమ వెట్టింది."

"మంచిదే కదా" అన్నాను. "కాస్త కడిగితే మొహం చూస్తాను."

"ముట్టకు బిడ్డా" అంది అవ్వ చాపమీదినుంచి. "మొన్న కర్పూరం తిప్పి కాళ్లకాడ వెట్టిన. టక్కుమని పల్గింది. ఊరోళ్ల కండ్లన్ని అండ్ల వడ్డయి. పల్గిన గాజు ఇంట్ల ఉంచొద్దు. ఇయ్యాల అమాస. పొద్దుమూకంగనె గుమ్మడికాయతోని కలిపి చౌరస్తల కొట్టాలె."

అప్పుడు కనిపించింది పగులు. కాలిదగ్గర మొదలై కడుపులోని మంట పక్కగా భుజందాకా వెంట్రుకవాసి గీత. వేడి తగిలితే గాజు పగలకేం చేస్తుంది? ఆ మాట అవ్వతో అనలేదు. పెద్దవాళ్లతో వాదించి గెలిచినా మన పని జరగదు.

నాకు ఒక్కసారిగా కంగారు పుట్టింది. కొట్టినా కొడతానేమోనని మా ఆయనే భయపడ్డ మనిషిని, వేరేవాళ్లు కొడతామంటే ఓర్చుకోలేకపోయాను. సాయంత్రానికి అది ముక్కలైపోతే ఆ మొహం ఎవరిదో నాకు ఈ జన్మలో తెలియదు. సీతారత్నం చెప్పిందే మిగిలిపోతుంది.

అంతలో రామం వచ్చాడు. సేటు పొద్దున్నే కబురు పెట్టాడట, పని మధ్యలో పరుగున వచ్చినట్టున్నాడు. చొక్కా చేతులమీద కాలిన చిల్లులు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగి, "అక్కా, నువ్వేంటి ఇక్కడ" అన్నాడు. తిడదామని తెనాలినుంచి కూర్చుకొచ్చిన మాటలన్నీ పక్కన పెట్టి, "బొమ్మను చూద్దామని వచ్చాను" అన్నాను. వాడి మొహం పాలిపోయింది.

వాడు సేటును బతిమాలాడు. తన బొమ్మను తనకిచ్చేయమన్నాడు. ఏడాది పట్టింది అన్నాడు. సేటు చేతులు నలుపుకున్నాడు. "నాకేం దుష్మనీ ఉన్నదా తమ్మీ? అమ్మ వద్దన్నంక నేనెట్ల ఇయ్యాలె? నీ ఇంట్ల వెట్టుకుంటె ఆ పీడ నీకే తాకుతదంటున్నది." అవ్వ చూపంతా గుమ్మంలో పెట్టిన గుమ్మడికాయ మీద ఉంది.

నేను వెళ్లి అవ్వ చాపమీద కూర్చున్నాను.

"అవ్వా, మీ ఇంట్లో దిష్టి ఎవరు తీస్తారు?"

"ఆడిబిడ్డ తీస్తది. ఇంకెవలు తీస్తరు?"

"తీసినదాన్ని బయటికి ఎవరు తీసుకుపోతారు?"

"తీసినోళ్లే వోతరు. ఎన్కకు సూడకుండ వోవాలె."

"ఈ బొమ్మ పుట్టిన ఇంటికి ఆడపడుచును నేను. ఇది నేను తీసుకుపోవలసిన వస్తువు. వీడి ఇంట్లో ఉంచను. ఏరు దాటించేస్తాను."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. నా నుదురు, చేతి గాజులు, కాలి మట్టెలు అన్నీ పరీక్ష చేసింది. "ఏరు దాటితె పీడ మల్ల రాదు" అంది చివరికి. "గని ముసుగెయ్యాలె. ఏరు దాటెదాంక ముసుగు తియ్యొద్దు. ఎన్కకు సూడొద్దు. సూస్తివా, నీ ఎంటనె వడ్తది."

"ఔ అవ్వా" అన్నాను, ఆ ఊరి మాటే అరువు తెచ్చుకుని. సేటు ఊపిరి పీల్చుకుని తనే గడ్డి తెచ్చి, బొమ్మను పాత దుప్పట్లో చుట్టి, దండతో సహా నా చేతుల్లో పెట్టాడు. నెలల పిల్లంత బరువుంది. గుమ్మం దిగాక నేను వెనక్కి చూడలేదు. రామం చూడబోతే మోచేతిమీద గిల్లాను.

ఇప్పుడు ఏరు కావాలి. మా కృష్ణకు రాత్రంతా ప్రయాణం, అంతదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఏ ఏరో అవ్వ చెప్పలేదు కదా. "మీ ఊళ్లో ఉన్న ఏరేదిరా?" అంటే "మూసీ ఉంది" అన్నాడు. రిక్షా ఎక్కి గౌలిగూడ బస్సుల రొద దాటి చాదర్‌ఘాట్ వైపు వెళ్లాం. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరి చేతులూ ఒకేసారి దుప్పటిమీదికి పోయేవి. వంతెన కింద మూసీ పేరుకే ఏరు, పాయలు పాయలుగా పారుతోంది. గేదెలు పడుకుని ఉన్నాయి, రాళ్లమీద దుప్పట్లు ఉతుకుతున్నారు. అయినా ఏరు ఏరే.

వంతెన అవతల ఒక చాయ్ కొట్టు పక్కన కుళాయి ఉంది. కొట్టు ఆయనను అడిగి, బల్లమీద దుప్పటి విప్పాను. నీళ్లకు కుంకుమ కదిలింది గానీ మసీ జిడ్డూ వదల్లేదు. మెడలోని దండే తెంపి, ఒక నిమ్మకాయ కోయించి, ఆ చెక్కతో రుద్దాను. దిష్టి నిమ్మకాయ అని రామం చేయి పట్టుకోబోయాడు. ఏరు దాటాక అది మామూలు నిమ్మకాయే అన్నాను. పులుపు తగలగానే ఎర్రటి కుంకుమ పసుప్పచ్చగా తిరిగి చెంపలమీద కారింది. ముందు గడ్డం బయటపడింది. నాదే. తరవాత ముక్కు. అదీ నాదే. సీతారత్నం నోరు పడిపోను, నిజమే చెప్పింది అనుకున్నాను.

ఇంకొక చెంబు నీళ్లు పోసి నుదురు తుడిచాను. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న గాటు ఉంది.

నాకు ఆ గాటు లేదు. ఆరేళ్ల వయసులో రుబ్బురోలు మీద పడి కనుబొమ చీలింది మా ఇంట్లో ఒక్కడికే. పసుపు అద్ది పట్టుకున్నది నేనే.

"ఇది నువ్వురా" అన్నాను.

"అవును. అద్దం ముందు పెట్టుకుని చేశాను. నిన్ననుకున్నావా?"

"ఊరంతా నన్నే అంటోంది."

"మనిద్దరిదీ నాన్న ముక్కే కదక్కా" అని, బల్లమీద కూర్చుండిపోయాడు.

చాయ్ వచ్చింది. అది చల్లారిపోయేదాకా వాడు చెప్పిందే చెబుతాను. నాన్న మంచాన పడ్డప్పుడు సెలవు పెట్టి వచ్చి పగలూ రాత్రీ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. నాన్న కళ్లు తెరిచినప్పుడల్లా "అమ్మాయి వచ్చిందా?" అనే అడిగేవారు. నేను పక్కవీధినుంచి పూటకోసారి వెళ్లేదాన్ని. వీడు గంజి పట్టిస్తే పెదవి బిగించేవారు, నా చేత్తో పట్టిస్తే తాగేవారు. "చివరిదాకా అంతే. నువ్వు గుమ్మంలోకి వస్తుంటే నాకు కడుపు మండిపోయేదక్కా. చచ్చిపోతున్న మనిషి దగ్గర కూడా వంతుల లెక్కేమిటని సిగ్గేసేది. నాన్న పోయాక నీ మొహం చూడలేకపోయాను. నీ తప్పేం లేదు" అన్నాడు.

ఆరేళ్లు. ఈ ఒక్క సంగతికి ఆరేళ్లు. నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ కలిసి వచ్చాయి.

"ఒరే పిచ్చివాడా, నువ్వు గంజి పొయ్యిమీదినుంచి దింపింది దింపినట్టు పట్టేవాడివి. నాన్న నాలుక కాలిపోయేది. నీ మనసు కష్టపడుతుందని నీతో చెప్పలేదు. నాతో చెప్పి నవ్వేవారు. 'మా వాడు గాజుని ఊది గొట్టాలు చేస్తాడట గానీ, గంజి ఊదడం రాదే' అని. నువ్వు స్నానానికి లేచినప్పుడల్లా, చూడటానికి వచ్చినవాళ్లందరికీ ఈ మాటే చెప్పేవారు. ఎంత మురిసిపోతూ చెప్పేవారో."

రామం రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చాయ్ కొట్టు ఆయన మా వైపు చూడనట్టుగా నటిస్తూ ఇంకో రెండు చాయ్‌లు పెట్టి వెళ్లాడు. ఈసారి రామం తన కప్పును ఊదుకుంటూ తాగాడు.

తిరుగు దారిలో ఆబిడ్సువైపు పోకుండా చుట్టూ తిరిగి మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగాం. బండికోసం మళ్లీ మూసీ దాటక తప్పలేదు గానీ, వెనక్కి చూడనని అవ్వకిచ్చిన మాట మాటే కదా. అక్కడ సీతాఫలాల గుజ్జు కలిపిన ఐస్‌క్రీం దొరుకుతుంది. హైదరాబాదు వెళ్లేవాళ్లు ఇంకేం చూడకపోయినా ఆ రాతిగోడల నీడలో నిలబడి అదొకటి తిని రండి. పగులు అతికిస్తావా అని అడిగితే, మళ్లీ మంటలో పెడితే మొత్తం పోవచ్చు, ఉండనీ అన్నాడు. నా ఇంట్లో పెట్టుకుంటానన్నాను. అసూయను ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా అన్నాడు. ఆ కొట్టు సేటు పెట్టుకోలేదూ, ఒక్క కప్పయినా పగిలిందా అన్నాను.

సాయంత్రం బండికి సత్రంలోంచి సంచి తెచ్చి, కిటికీ పక్కన చోటు చూసి పెట్టింది వాడే. బండి కదిలేముందు ఊచలు పట్టుకుని, "ఈసారి నాన్న తద్దినం తెనాల్లో పెడదామా?" అన్నాడు, అడగటానికి తనకు హక్కు లేనట్టు. "గంజి నువ్వే కాయాలి" అన్నాను. నవ్వాడు. బండి కదిలాక వెనక్కి చూడకూడదన్న మాట మరిచిపోయి, ప్లాట్‌ఫారం కనిపించినంతసేపూ చూశాను.

పొద్దున బెజవాడలో పాసింజరు మారాను. నా ఎదుట ఒక అమ్మాయి చంటిపిల్లాడితో పుట్టింటికి వెళుతోంది. కృష్ణ వంతెన రాగానే ఆ అమ్మాయి ఏట్లో కాసు వేసి దణ్ణం పెట్టుకుంది. నేను ఒడిలోని దుప్పటిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మొత్తానికి నేను చూసిన హైదరాబాదు ఒక కొట్టు, ఒక వంతెన, ఒక కుళాయి. ఎవరైనా అడిగితే చాలా గొప్ప ఊరని చెబుతాను.

వంతెన దాటాక ఆ అమ్మాయి పిల్లాడికి నీళ్లతో మొహం తుడిచి, కాటుక కాయ తీసి, చెంపమీద దిష్టిచుక్క పెట్టింది. కాయ మూతపెట్టబోతుంటే, నాకూ కాస్త ఇమ్మని వేలు చాచాను.

"మీకెందుకు పిన్నిగారూ?" అంది.

దుప్పటి మడత తీసి, మెడ సాచి చూస్తున్న ఆ గాజుమొహాన్ని ఒడిలో నిలబెట్టుకున్నాను. కనుబొమమీద గాటుకు తగలకుండా, ఎడమ చెంపమీద చిన్న చుక్క పెట్టాను.

"మా తమ్ముడమ్మా" అన్నాను. "ఇంటికొస్తున్నాడు."